చేపల పడవంత చుక్క

మా ఆఫీసు మైక్రోవేవ్‌లో ఇప్పుడే ఎవరో పులిహోర పెట్టారు. ఇంగువ వాసన అంతస్తంతా ఒక చుట్టు చుట్టి వచ్చి నా కుర్చీ దగ్గర ఆగింది. వెనకాల ఆ పెట్టె గుర్రుమంటోంది. ఆ వాసనా ఈ చప్పుడూ కలిసి వచ్చాయంటే నాకు కామేశ్వరి గారు గుర్తొస్తారు. కొందరికి తమను తీర్చిదిద్దినవాళ్లు సన్నాయి వింటేనో మల్లెపూలు చూస్తేనో గుర్తొస్తారట. నా వాటాకి ఇది వచ్చింది. రాడార్ కోసం తరంగాలు పుట్టించిన గొట్టమే తర్వాత వంటింట్లోకి వచ్చిందని ఆవిడే చెప్పారు. "ఇది రాడార్‌కి తమ్ముడు నాయనా. అన్న సముద్రానికి కాపలా కాస్తున్నాడు, తమ్ముడు పులిహోర వేడి చేస్తున్నాడు. ప్రతి ఇంట్లోనూ ఒకడు ఇలాగే తేలతాడు" అనేవారు. మా ఇంట్లో తేలింది నేనే కాబట్టి నాకు ఆ తమ్ముడంటే అప్పటినుంచీ గౌరవం.

ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఆఫీసు మాది. నేను అందులో చేరిన కొత్తల్లో నా పనల్లా హీరోల నడుముకి కట్టిన తాళ్లు చెరపడం. తెర మీద ఆయన గాల్లోకి ఎగురుతాడు, మీరు ఈల వేస్తారు, నేను తాడు చెరుపుతాను. అలాంటి రోజుల్లో మాకు ఒక నౌకాదళం సినిమా వచ్చింది. కంప్యూటర్‌లో యుద్ధనౌకను తయారుచేసే పని మా బాస్ నాకిచ్చాడు. దర్శకుడు ఒప్పుకుంటే ఇకమీదట అలాంటి పనులే, ఒప్పుకోకపోతే మళ్లీ తాళ్లే అన్నాడు. సలహా కోసం కామేశ్వరి గారిని పిలిపించారు. ఉద్యోగమంతా నౌకల రాడార్ల మీదే చేసి రిటైరై, వెంగళరావు నగర్‌లో స్థిరపడిన విశాఖ మనిషి. ఆటోలో వచ్చేవారు. డబ్బాలో పులిహోర ఉండేది.

మొదటి రోజు నా ఓడని చూపించాను. ప్రాణం పెట్టి చేశాను. చుట్టూ రెయిలింగులు, నిచ్చెనలు, ఫిరంగులు, స్తంభాల నిండా యాంటెన్నాలు, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ దీపం. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఇది యుద్ధానికి వెళ్తోందా బాబూ, ఊరేగింపుకా?"

"రెండూ మేడమ్. మా హీరో ఏ పనికి పోయినా ఊరేగింపుగానే పోతడు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. రబ్బరు బంతి ఒకటి తెప్పించమన్నారు. దాన్ని నేరుగా గోడకేసి కొట్టారు, తిరిగి చేతికొచ్చింది. రాడార్ అంటే అంతేనట, తరంగాన్ని విసిరి, తిరిగొచ్చినదాన్ని బట్టి అక్కడేముందో తెలుసుకోవడం. తర్వాత రెండు గోడలు కలిసే మూలకి విసిరారు. ఎటు నుంచి విసిరినా రెండు గోడలకీ తగిలి మళ్లీ ఆవిడ వైపే వచ్చింది. "నువ్వు పెట్టిన రెయిలింగులూ నిచ్చెనలూ అన్నీ ఇలాంటి మూలలే. శత్రువు అడక్కుండానే జవాబు చెప్పేస్తాయి" అన్నారు. చివరికి ఒక అట్టని ఏటవాలుగా నిలబెట్టి దానికేసి కొట్టారు. బంతి పైకి ఎగిరి, మా బాస్ పెట్టుకున్న పూజ అలమరలో దిగి, అగరబత్తుల స్టాండుని పడగొట్టింది. "చూశావా, నా దగ్గరికి రాలేదు" అన్నారావిడ తృప్తిగా. మా బాస్ దగ్గరికి మాత్రం వచ్చింది.

తరంగం అలా తిరిగి రాకపోవడాన్ని నేను ఓడ మాయమైపోవడం అనుకున్నాను. ఆ మాట ఆవిడకి నచ్చేది కాదు. అంత ఇనుము ఎక్కడికి మాయమవుతుంది? "దిష్టి తగలకుండా చూసుకోవడం అనుకో. పెద్ద ఓడే, కానీ అవతలివాడి తెర మీద చేపల పడవంత చుక్క కనపడాలి. వాడు ఆవులించి పక్కకి చూడాలి." అప్పుడు గానీ నాకు బుర్రకెక్కలేదు. ఫిల్మ్‌నగర్‌లో పుట్టిన ప్రతి వస్తువూ ఉన్నదానికన్నా పెద్దగా కనపడాలని చూస్తుంది. దాన్ని మేం బిల్డప్ అంటాం. ఈ ఓడ మాత్రం ఉన్నదానికన్నా చిన్నగా కనపడాలని ఒళ్లంతా వంచుకుని కూర్చుంది. నేను రెయిలింగులు పీకేశాను, పక్కగోడలు లోపలికి వంచాను, యాంటెన్నాలన్నింటినీ ఏటవాలు గోడల బురుజు ఒక్కదాంట్లో దాచాను. ఓడ నున్నగా తయారైంది. మా ఆఫీసులో దాన్ని తిరుపతి వెళ్లొచ్చిన ఓడ అన్నారు.

దర్శకుడికి చూపించే రోజు దగ్గరపడుతున్నకొద్దీ నా జోకులు ఎక్కువయ్యాయి. భయంగా ఉందా అని ఎవరడిగినా ఒకటి విసిరేవాణ్ణి. ఒక మధ్యాహ్నం పులిహోర తింటూ కామేశ్వరి గారూ అదే అడిగారు. తాళ్లతో నాకు పాత చుట్టరికం మేడమ్, పిలిస్తే పోత అన్నాను. ఆవిడ చెంచా పక్కన పెట్టారు. క్షిపణి మీదికొస్తున్నప్పుడు ఓడలు సన్నటి వెండి రేకు ముక్కల్ని గాల్లోకి చిమ్ముతాయని, అది వాటి తళుకుని ఓడనుకుని అటు పోతుందని చెప్పారు. "నీ జోకులు ఆ రేకు ముక్కలే నాయనా. బాగానే పనిచేస్తున్నాయి. కానీ నేను క్షిపణిని కాదు, ఊరికే అడిగాను."

నేను జవాబు కోసం వెతికాను. ఉన్నవన్నీ జోకులే. అందుకని, "అవును మేడమ్, భయమైతుంది" అన్నాను. ఆవిడ తలూపి, నా ప్లేట్లో ఇంకాస్త పులిహోర వడ్డించారు. అంతకుమించి ఏమీ జరగలేదు. సంగీతం కూడా రాలేదు.

జూబ్లీహిల్స్‌లో దర్శకుడి ఆఫీసు. ఆయన ఓడని అన్ని వైపులకీ తిప్పించి చూశాడు. తర్వాత, "ఏంటిది, ఇస్త్రీపెట్టెలా ఉంది? హీరో ఓడ రా ఇది. బిల్డప్ ఏది?" అన్నాడు. మా బాస్ నేలకేసి చూశాడు. నా నోట్లో జోకు సిద్ధంగా ఉంది, చక్రాలు పెడదామా సార్ అని. కామేశ్వరి గారి వైపు చూశాను. ఆవిడ ఏమీ అనలేదు, కనీసం కనుబొమ్మ కూడా ఎగరెయ్యలేదు. నౌకలు రాడార్ ఆపేసుకుని ఊరికే వింటూ ఉండే పద్ధతి ఒకటుందని ఆవిడ చెప్పింది గుర్తొచ్చింది. మనం తరంగం విసిరితే మన జాడ మనమే చెప్పినట్టట. నేను జోకు మింగేశాను.

"సార్, గీ ఓడ కనపడి భయపెట్టేది కాదు. శత్రువు తెర మీద చిన్న చుక్క వస్తది. చేపల పడవ అనుకుని వాళ్లు అన్నం తింటుంటరు. అండ్ల హీరో ఉన్నడని హాల్ల కూసున్న మనకే ఎరుక. గదే సార్ బిల్డప్."

దర్శకుడు గడ్డం గోక్కున్నాడు. "చుక్క ఎంత ఉంటుంది?" అన్నాడు. నేను వేలిగోరు చూపించాను. ఆయన మెల్లగా దారికొస్తూ, కనీసం ఓడ ముందుభాగంలో హీరో చేతులు చాపి నిలబడొచ్చా అమ్మా, రాడార్‌కి దొరికిపోడు కదా అని కామేశ్వరి గారిని అడిగాడు.

"నిలబడనివ్వండి. ఓడ పక్కన ఆయన రాడార్‌కి పెద్దగా ఆనరండీ" అన్నారావిడ.

ఈ ఊళ్లో ఆ హీరో గురించి ఎవరూ ఎప్పుడూ అనని మాట అది. దర్శకుడు ముందు తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, తర్వాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఓడ ఖాయమైంది.

సినిమా విడుదలయ్యేనాటికి ఆవిడ చెల్లెలి దగ్గర ఉండటానికి విశాఖ వెళ్లిపోయారు. మొదటి ఆట చూసి ఫోన్ చేశాను. హీరో రాగానే కాగితాలు ఎగరేశారని, చేతులు చాపితే థియేటర్ ఊగిందని చెప్పాను.

"మరి మన ఓడ?"

"ఎవ్వరూ చూడలే మేడమ్. ఒక్క ఈల లేదు."

అవతల ఆవిడ నవ్వారు. నా జోకుల్లో దేనికీ నవ్వని మనిషి, నేను నిజం చెబితే నవ్వారు. "అయితే బాగా చేశావు నాయనా" అన్నారు.

తాళ్లు చెరిపే పని మళ్లీ నా దగ్గరికి రాలేదు. జోకులు మానలేదు, అవి మానితే నా దగ్గర పెద్దగా సరుకు లేదు. కాకపోతే విసిరేముందు ఒక్క క్షణం ఆగి, నా మీదికి నిజంగా క్షిపణే వస్తోందా అని చూసుకుంటాను. చాలాసార్లు వచ్చేది పులిహోర వాసనే.