ఎర్రబిళ్ళ

కాజాల పిల్ల గురించి రాయాలంటే ముందు నా గొప్ప నేను చెప్పుకోవాలి. లేకపోతే అబద్ధం రాసినట్టవుతుంది. నేను చదివింది మూడో తరగతి. వత్తులు తప్పితే మనవరాలు దిద్దింది. మాటలు మాత్రం నావే, వాటి జోలికి రావద్దని ముందే చెప్పాను.

మా షెడ్డులో చొక్కాలు కుడతారు. లైనుకి నలభై మంది ఆడవాళ్ళం. ఒకామె జేబు, ఒకామె చేతులు, నేను కాలరు, నాకెదురు మిషను మీద తను కాజాలు. అందుకే కాజాల పిల్ల. ముప్ఫై ఐదేళ్ళొచ్చినా పిల్లే. నేను కాలరు పెద్దమ్మని. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే కుర్చీ. నా కాలరు ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తిరిగి రాలేదు. ఇంకో సంగతి కూడా అందరికీ చెప్పుకునేదాన్ని. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనం గంట దాకా నేను బిళ్ళ అడిగి ఎరగను.

బిళ్ళ అంటే చెప్పాలి. అరచెయ్యంత చెక్కముక్క, ఎర్రరంగు, దానికో తాడు. లైనుకి ఒకటే. అది మెడలో వేసుకున్న మనిషే బాత్రూముకి వెళ్ళాలి. ఆ మనిషి తిరిగొచ్చి మేకుకి తగిలిస్తేనే ఇంకొకరు లేవాలి. మేకు సూపర్‌వైజరు బల్ల పక్కన. ఆయన్ని మేము గడియారం అంటాం, మనిషి మొహం చూడకుండా గోడ మీది ముల్లు చూస్తూ మాట్లాడతాడు గనక. ఎవరు ఎన్నిసార్లు బిళ్ళ తీస్తే అన్ని గీతలు కాగితం మీద. రోజుకి రెండు గీతలు దాటితే ఒకసారి చూస్తాడు. వరసగా నాలుగు రోజులు దాటితే పిలుస్తాడు. "ఏమ్మా, విశేషమా?"

విశేషమని తేలిందా, మర్నాడు మిషను లేదు. గోడవారన దారాలు కత్తిరించే బల్ల, రోజుకూలీ. కని తిరిగొచ్చినా ఆ బల్లే. కళ్ళతో కనిపెట్టేవాణ్ణి ఏమార్చొచ్చు, చీర వదులుగా కట్టొచ్చు, పైన చొక్కా తొడగొచ్చు. గీతల్ని ఏమార్చడం ఎలా? దానికి మా లైనులో ఒక విద్య ఉంది. నీళ్ళు తాగకపోవడం. ఆ విద్యకి గురువుని నేనే.

కాజాల పిల్లకి పదిహేనేళ్ళ కూతురుంది. పందొమ్మిదో ఏట పెళ్ళి, ఇరవయ్యో ఏట ఆ పిల్ల. తర్వాత మళ్ళీ లేదు, తను కావాలనుకోనూ లేదు. అలాంటిది ఆ ఏడు నెల తప్పింది. వాళ్ళాయన వ్యాను నడుపుతాడు. వినగానే మొహం గంటు పెట్టుకుని, "పెళ్ళీడుకొస్తున్న కూతురు ఎదురుగా ఇదేం పని, తీయించేసుకో" అన్నాడట. అత్తగారేమో మగపిల్లాడే అని అప్పుడే చూసొచ్చినట్టు చెప్పి, తీయిస్తే తను ఆ గడపలో ఉండనందట. ఇద్దరూ రాత్రీ పగలూ చెవిలో పోరు.

భోజనాల వేళ డబ్బా మూత తీసి, తినకుండా నాతో చెప్పింది.

"ఆస్పత్రిలో నర్సమ్మ మా ఆయన్ని బయట కూర్చోబెట్టి నన్ను ఒక్కదాన్నే అడిగింది పెద్దమ్మా, నీకేం కావాలని. నాకు నోట మాట రాలేదు. ఎవరైనా అడిగితేగా, అలవాటు ఉండటానికి!"

"మరేం చెప్పావే?"

"ఒక వారం ఆగి చెప్తానన్నాను. వారం ఆలోచించాను. కంటాను. ఆయన చెప్పిందానికీ కాదు, అత్తమ్మ చెప్పిందానికీ కాదు. మొదటిదాన్ని కనమన్నారు, కన్నాను. దీన్ని నేను కంటున్నాను."

"మిషను?"

"మిషనూ వదలను."

ముచ్చటేసింది నాకు. ఇంతకాలానికి ఈ లైనులో వెన్నెముక ఉన్న ఆడదాన్ని చూశాననుకున్నాను. ఆ సంతోషంలోనే నోరు జారాను. జారడమేమిటి, దర్జాగా చెప్పాను.

"అయితే నేను చెప్పినట్టు చెయ్యి. ఇంట్లో బయల్దేరే ముందు సగం గ్లాసు. మళ్ళీ భోజనం దగ్గర సగం. దాహమేస్తే నోరు పుక్కిలించి ఉమ్మెయ్. రెండు గీతలు దాటకు. ఎనిమిదో నెల దాకా గడియారానికి కాదు కదా, వాళ్ళ బాబుక్కూడా తెలీదు. ఆ తర్వాత కామెర్లని సెలవు చీటీ పెట్టి, కని వచ్చి మళ్ళీ మిషనెక్కొచ్చు. నేను ముగ్గుర్ని కన్నాను ఈ కుర్చీలోనే."

"కుర్చీలోనే కన్నావా పెద్దమ్మా?" అని జేబులామె అందుకుంది. అందరం పగలబడి నవ్వాం. కాజాల పిల్ల కూడా నవ్వింది. సీసాలో నీళ్ళు తొట్టిలో ఒంపేసి వచ్చి కూర్చుంది.

చిలక్కి చెప్పినట్టు చెప్పాను, చిలకలాగే నేర్చుకుంది. మూడు నెలలు రెండు గీతలే. లైనంతా కలిసి కాపలా కాశాం. తను లేచేటప్పుడు పక్కామె కూడా లేచి అడ్డం నిలబడేది. ఎప్పుడైనా ఓర్చుకోలేకపోతే చేతులు కుట్టే ఆమె తన పేరు మీద బిళ్ళ తీసి, బాత్రూము మలుపులో కాజాల పిల్లకి అందించేది. ఇంత పెద్ద కుట్ర చేశాం నలభైమందిమి. దాని బదులు నలభైమందిమీ ఆ బల్ల దగ్గరికెళ్ళి ఇంకో బిళ్ళ పెట్టమని అడిగి ఉంటే? ఆ ఊహ ఒక్కరికీ రాలేదు. నాకు అసలే రాలేదు, నాకు బిళ్ళతో పనేముంది!

ఐదో నెలలో నడుము నొప్పంది. కడుపుతో ఉంటే నడుము నొప్పి కాక పంటి నొప్పి వస్తుందా అన్నాను. మంటగా ఉందంది. వేడి చేసిందన్నాను. ఒకరోజు చలిజ్వరం వస్తే సగం పూట సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళింది. మర్నాడు డబ్బా తెరవకుండానే నా దగ్గరికొచ్చింది.

"రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావని అడిగింది నర్సమ్మ. రెండు గ్లాసులన్నాను. పెన్ను కింద పెట్టేసింది పెద్దమ్మా. మూత్రంలో చీము పట్టిందట, కిడ్నీ దాకా ఎక్కిందట. ఇలాగే బిగబట్టుకుంటే బిడ్డ నెలలు నిండకముందే వచ్చేస్తుందట. మాత్రలిచ్చింది. గంటగంటకీ తాగాలి, వచ్చినప్పుడల్లా వెళ్ళాలి అంది."

"ఎవరు చెప్పారు నీకు తాగొద్దని అని అడగలేదూ?"

"అడిగింది. నాకే తోచిందన్నాను."

అప్పటికైనా నా నాలుక మడత పడాల్సింది. పడలేదు. ఆ నర్సు పాతికేళ్ళ పిల్ల. ముప్ఫై ఒక్క ఏళ్ళ నా కుర్చీకి ఆ పిల్ల తప్పులు పడుతుందా అని ఒళ్ళు మండింది.

"నర్సమ్మలు అలాగే బెదిరిస్తారు. వాళ్ళకి మేకూ బిళ్ళా ఉంటే తెలిసేది. మాత్రలు వేసుకో. నీళ్ళు ఇంటికెళ్ళాక బిందెడు తాగు, ఎవరొద్దన్నారు? ఇంకొక్క రెండు నెలలు. ఇప్పుడు బయటపడితే ఇన్నాళ్ళు పడిందంతా దండగ."

నా మొహంలోకి చూసింది. నర్సు మాట వినాలా, నా మాట వినాలా అని తూచుకుంటోందని నాకు తెలుసు. నేను గెలవాలని కూడా ఉంది నాకు. అది రాయాలని లేదు, అయినా రాస్తున్నాను.

"నువ్వు ముగ్గుర్ని కన్నావు కదా" అంది చివరికి.

"కన్నాను."

కన్నాను. నిజమే. మధ్యవాడు ఏడో నెలలోనే పుట్టి, మూడో రోజు పోయాడు. నాకూ అప్పుడు నడుము నొప్పే, చలిజ్వరమే. రాత అన్నారు, సరే రాత అనుకున్నాను. లెక్కలో మాత్రం వాణ్ణి ఎప్పుడూ కలుపుకున్నాను, ముగ్గురు అంటే బావుంటుందని. వాణ్ణి నేను ఎందుకు పోగొట్టుకున్నానో అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఆ పూట కాజాల పిల్ల ఎదుట నిలబడి కూడా ఆ మాట గొంతులోంచి పైకి రానివ్వలేదు.

ఆరో నెల చివర, పని మొదలై గంటయినా కాలేదు, కాజా మిషను ఆగిపోయింది. నేను తలెత్తేసరికి తను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "పెద్దమ్మా, బిళ్ళ అడుగు" అంది. గడియారం గోడ వైపు చూసి, "బయటికెళ్ళింది, రానీ" అన్నాడు. బిళ్ళ వచ్చేలోపలే కుర్చీ తడిసిపోయింది. అది ఉమ్మనీరని లైనులో కన్నవాళ్ళందరికీ తెలిసింది. నలభై మిషన్లూ ఆగాయి.

ఆడపిల్ల. జానెడు. నాలుగు రోజులు అద్దాల పెట్టెలో ఉంది, ఐదో రోజుకి దక్కలేదు. నేను మూడో రోజు వెళ్ళాను. అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంది. వాళ్ళాయన వరండాలో చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు, తీయించమన్నవాడే, పెట్టె దగ్గరికి పదిసార్లు వెళ్ళొస్తున్నాడట. కాజాల పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. ఏడుస్తూ ఉంటే ఓదార్చడం తెలుసు నాకు. ఏడవడం లేదు.

"నువ్వు చెప్పిందే విన్నాను పెద్దమ్మా" అంది.

తిట్టినట్టు లేదు. పాఠం అప్పజెప్పినట్టుంది. నిలబడి నిలబడి వచ్చేశాను.

రెండు నెలలకి పనిలోకి వచ్చింది. మిషను ఇంకెవరికో ఇచ్చేశారు. దారాల బల్ల దగ్గర వేశారు. అక్కడ బిళ్ళ లేదు, రోజుకూలీల గీతలు ఎవరిక్కావాలి. రోజూ పొద్దున సీసా నిండా నీళ్ళు తెచ్చి, సరిగ్గా నాకు కనిపించేలా పెట్టుకుంటుంది. భోజనం గంట కొట్టేసరికి అది ఖాళీ అయి ఉంటుంది. నాతో మాట్లాడదు. పలకరిస్తే తలూపుతుంది, అంతే.

నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు నేనూ ఒక సీసా తెచ్చుకున్నాను. పదిన్నరకి చెయ్యెత్తాను.

గడియారం మొట్టమొదటిసారి ముల్లు వదిలి నా మొహం చూశాడు. "ఏంటి పెద్దమ్మా, నువ్వా? ఈ వయసులో విశేషమా?" అని నవ్వాడు. లైనులో ఒక్కరూ నవ్వలేదు.

"విశేషమే నాయనా" అన్నాను. "గీత గట్టిగా గియ్యి. రేపు నాలుగు గియ్యాలి. నేను లేచినప్పుడల్లా ఈ లైనులో ఇంకొకత్తె లేస్తుంది, ఒక్క బిళ్ళతో ఎలా సర్దుతావో చూసుకో."

బిళ్ళ మెడలో వేసుకున్నాను. అంత బరువుంటుందని తెలీదు, ముప్ఫై ఒక్క ఏళ్ళలో దాన్ని పట్టుకుందే తక్కువ. బాత్రూముకి దారాల బల్ల పక్కనుంచే వెళ్ళాలి. ఆగాను. తలెత్తుతుందేమోనని చూశాను. కత్తెర ఆగలేదు. ఒక్కొక్క కాజా దగ్గర వేలాడే దారం పట్టుకుని కత్తిరిస్తూనే ఉంది.