నా బండల మీద వెనక్కి నడిచిన బండి

“సెన్సార్ పోయింది అవ్వా. కొత్తది కొనాల. నువ్వు దుడ్లు ఇయ్యి, ప్రొద్దుటూరుకు పోయి తెచ్చుకుంటా.”

“ఇయ్యను. పోయిందని నీకెవురు చెప్పినారు? అది నోరు తెరిచి చెప్పిందా?”

“చెప్పేదేంది, కండ్లకు కనపడల్యా? ముందుకు పోమంటే యెనక్కి పోతాంది.”

“నువ్వూ అంతే గద మే. స్నానానికి పొమ్మంటే మిద్దె ఎక్కుతావు. నిన్ను మార్చి ఇంకోదాన్ని తెచ్చుకున్న్యామా?”

“నీకు తెలీదులే అవ్వా. ఊరికే ఉండు.”

ఆ చివరి మాట నాకు కాలింది. నాకు తెలియదన్నది నిజమే. నేను చదివింది నాలుగో తరగతి, అది కూడా పూర్తిగా కాదు. కానీ తొమ్మిదో తరగతి చదివే పిల్ల, మా కూతురి కూతురు, నా ఇంట్లో కూర్చుని, నా అన్నం తిని, నన్ను ఊరికే ఉండమంటే ఉండటానికి నేను ఇంకొకరి అవ్వను కాదు.

ప్రొద్దుటూరులో వాళ్ళ ఇంటికి రంగులు వేయిస్తున్నారని శనివారం నాడు పిల్లను జమ్మలమడుగుకు, నా దగ్గరకు పంపారు. పిల్లతో పాటు ఈ బండి వచ్చింది. దాన్ని రోబో అనాలట. అన్నం క్యారియరు మూతంత ఉంటుంది. వెనక రెండు చక్రాలు, ముందు ఒక గుండు, పైన ఆకుపచ్చ అట్ట, దాని నిండా వైర్లు. మంచం పట్టిన మనిషికి వంటింట్లోంచి మాత్రలు మోసుకొచ్చి ఇవ్వడం దాని పని. ముందర రెండు గుండ్రటి కండ్లు, ఎదురుగా గోడ ఉందా మనిషి ఉన్నాడా చూసుకోవడానికి. కడుపు కింద ఇంకో చిన్న కన్ను, మెట్టు వస్తే పడిపోకుండా ఆగడానికి.

పులివెందులలో మంగళవారం బడులన్నిటికీ కలిపి సైన్సు ప్రదర్శన ఉంది. ఆ పొద్దునే ఎనిమిదికి వాళ్ళ సారు ఫోన్లో చూస్తాడట. బండి నడిచి, మెట్టు దగ్గర ఆగితే సరి. లేకపోతే దీని పేరు కొట్టేసి, గాలిమర చేసిన వేరే పిల్లలను పంపిస్తాడట. పోయినేడు కూడా ఇట్లాగే ఆఖరు రోజు దీని పేరు తీసేశారు. వారం రోజులు బడికి పోనని మొండికేసిందని మా కూతురు అప్పుడు చెప్పింది. ఈ ఏడు మూడు నెలలుగా దీని మీదే కూర్చుంది. ప్రొద్దుటూరులో బాగా నడిచిన బండి, నా ఇంట్లోకి వచ్చిన గడియ నుంచి జానెడు ముందుకు పోవడం, ఆగడం, వెనక్కి రావడం, పక్కకు తిరగడం. మళ్ళీ అదే. ఈ పోట్లాట జరిగింది సోమవారం మధ్యాహ్నం. అంటే మిగిలింది ఒక్క పూట.

నా కోపమంతా పిల్ల పనితనం మీద. సెల్లులు మారుస్తుంది, వైరు మారుస్తుంది, కంప్యూటరులో ఏదో రాతను మారుస్తుంది, మూడూ ఒకేసారి. బాగుపడకపోతే మళ్ళీ మూడూ పీకుతుంది. నేను నలభై ఏండ్లు ఈ ఊరికి రవికెలు, బడి పిల్లల బట్టలు కుట్టాను. దారం తెగితే తెలివితక్కువది సూదీ దారమూ, దారం బిగువు చూసే బిర్రూ అన్నీ ఒకేసారి మార్చేస్తుంది. కుట్టు బాగుపడినా దేనివల్ల బాగుపడిందో దానికి తెలియదు, రేపు మళ్ళీ తెగుతుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చి, కుట్టి చూడాలి.

అదే చెప్పాను. చిక్కుడుకాయలు ఒల్చుకుంటూ పీట మీద కూర్చుని, “ఫస్టు సెల్లులు చూడు. ఇంకేదీ ముట్టుకోగాకు,” అన్నాను.

“సెల్లులు నువ్వు ఇచ్చినవే.”

“నేనిచ్చినవైతే?”

“టార్చిలో వాడి తీసినవి గద అవ్వా! ముసలి సెల్లులేస్తే ముసలోళ్ళ మాదిరే నడుస్తాది.”

టార్చి గుడ్డిగా వెలిగితే సెల్లులు తీసి డబ్బాలో పెట్టుకోవడం నా అలవాటు. గోడ గడియారానికి ఇంకో ఆరు నెలలు వస్తాయి. చక్రాలు తిప్పడానికి రావని నాకెట్లా తెలుస్తుంది? లేచి పోయి రేడియోలోంచి కొత్తవి తీసి ఇచ్చాను. బండికి బలం వచ్చింది. ఇంకా జోరుగా వెనక్కి పోయింది.

“ఇప్పుడేమంటావు?” అంది.

“ఒకటి తీరింది అంటా. ఎడమకు గుంజుతాంది, అది చూడు.”

తిరగేసి చూస్తే ఎడమ చక్రం ఇరుసుకు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి, ఉండ కట్టినట్టు.

“నీవే,” అంది పిల్ల.

“తెల్లవి నావి. నల్లవి ఎవరివి? తల దువ్వుకుని ఇల్లంతా పారేసేది ఎవురు?”

కుట్టు విప్పే ముల్లు తెచ్చి, కండ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటే పీకాను. కుట్టుమిషను చక్రం కింద దారం పోగులు తీసినట్టే. తర్వాత బండి తిన్నగా పోయింది. జానెడు పోయి ఆగి, తిన్నగానే వెనక్కి వచ్చింది.

అప్పుడు కండ్ల వంతు. ముందరి కండ్ల వైరు పీకమన్నాను. పీకింది. తేడా లేదు. అది తగిలించి కడుపు కింద కన్ను పీకమన్నాను. పీకి వదిలిందో లేదో, బండి హాలు దాటి వరండా దాటి మెట్ల మీదికి పోయింది. చిక్కుడుకాయల గిన్నె తన్నేసి పరుగెత్తి ఒడిలో పట్టుకున్నాను. మోకాలు మెట్టుకు కొట్టుకుంది.

“చూసినావా? కింద కన్నే పోయింది. నేను ముందే చెప్పల్యా?” పిల్ల నా మోకాలి వంక కూడా చూడలేదు. “గంట వేస్టు చేసినావు. ప్రొద్దుటూరులో అంగడి మూస్తారు.”

దాని మాటే గెలిచేటట్టుంది. దుడ్లు తీయడానికి బీరువా దగ్గరకు పోయాను కూడా. తాళం చేతిలో ఉండగా మనసొప్పలేదు. సూది మొద్దుబారిందని పారేసే ముందు నేను ఎప్పుడూ గుడ్డ మార్చి చూస్తాను. ఒక్కోసారి తప్పు సూదిది కాదు, గుడ్డది. బీరువాలోంచి దుడ్లకు బదులు పాత తెల్ల దుప్పటి తీసి హాల్లో బండల మీద ముడత లేకుండా పరిచాను.

“దీని మీద వదులు.”

“దుప్పటి మీద ఎందుకవ్వా?”

“వదులు మే.”

వదిలింది. బండి దుప్పటి ఈ కొస నుంచి ఆ కొసకు నున్నగా పోయింది. దుప్పటి అంచు రాగానే ఠక్కున ఆగి వెనక్కి మళ్ళింది. ఇంకో అంచుకు పోయింది, మళ్ళింది. నాలుగు పక్కలా అంతే. దుప్పటి అవతల బావి ఉన్నట్టు.

పిల్ల వంగి దుప్పటి అంచును తడిమి చూసింది. తర్వాత అరిచింది. “అవ్వా! గుంత అనుకుంటాంది! నీ బండల్ని గుంత అనుకుంటాంది!”

“నా బండలకేమొచ్చింది?”

అప్పుడు విడమరిచి చెప్పింది. ఆ కన్ను కిందికి ఒక వెలుగు వేస్తుందట, మనకు కనపడనిది. అది తిరిగి వస్తే నేల ఉన్నట్టు. రాకపోతే గుంత. ప్రొద్దుటూరు ఇంట్లో తెల్ల టైల్సు, వెలుగంతా తిరిగి వచ్చేది. నా ఇంట్లో నల్ల బండలు, నలుపు ఆ వెలుగును తాగేస్తుంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ బండలు నా కుట్టు కూలితో పరిపించుకున్నవి. శుక్రవారం నాడు ఆడవాళ్ళ ప్రార్థన కూటం మా ఇంట్లో. గురువారం సాయంత్రం వేరుశనగ నూనె గుడ్డతో ప్రతి బండా రుద్దుతాను. వచ్చినవాళ్ళు “మొగం కనపడతాందమ్మా నీ నేలలో” అంటారు. అట్లాంటి నేలను పట్టుకుని గుంత అంటుందా ఈ రేకు బండి?

“ఇంతమంది నడిచే నేల. దీనికే భయమంటనా?”

“మనుషులకు కండ్లుండాయి అవ్వా. దానికి ఉండేది ఒక్క కన్ను.”

“అయితే పులివెందులలో దుప్పటి పరుచుకో.”

మాట నా నోట్లోంచి ఊడిపడ్డాక ఇద్దరమూ ఒకరినొకరు చూసుకున్నాం. పిల్ల అక్కడి బడిలో చదివే స్నేహితురాలికి ఫోను చేసింది. హాల్లో నేల ఏందని అడిగింది. బండలే. మా పక్క బడుల్లో ఇంకేం ఉంటాయి! పిల్ల ఫోను పక్కన పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఏడుస్తున్నట్టు భుజాలు చెబుతున్నాయి. కొత్త కన్ను తెచ్చినా ఇంతే అని ఇప్పుడు దానికీ తెలుసు.

“ఏడిస్తే నేల తెల్లబడదు. ఆ కన్నుకు తిప్పే మర ఏమన్నా ఉండాదా లేదా?”

ఉంది. కందిగింజలో సగం. ఎంత దూరం నుంచి వచ్చే వెలుగును లెక్కలోకి తీసుకోవాలో దానితో పెట్టుకోవాలట. పిల్ల ఇంకా కండ్లు తుడుచుకుంటోంది. నేను మిషను పెట్టెలోని సన్న స్క్రూడ్రైవర్ తెచ్చి, దారం బిర్రు తిప్పినట్టు కొంచెం తిప్పాను. గుంతే. ఇంకా తిప్పాను. ఈసారి బండల మీద నడిచింది, మెట్టును కూడా నేలే అనుకుని దూకింది. మళ్ళీ ఒడి పట్టాను. వెనక్కి కొంచెం తిప్పితే మళ్ళీ నేలంతా గుంతే. మధ్యలో నిలవదు.

“ఈ కన్ను ఇంత ఎత్తున ఎందుకు పెట్టినావు?”

“బొమ్మలో అట్లనే ఉన్న్యాది.”

“సూది గుడ్డకు అందకపోతే కుట్టు పడుతుందా? కిందికి దించు.”

మధ్యలో పెట్టిన రెండు ప్లాస్టిక్ బిళ్ళలు తీసేసి దించింది. శానా నయమైంది. అయినా నూనె బాగా పట్టిన చోట్ల ఆగుతూనే ఉంది. వంటింటి గడప ముందు, నేను ఎక్కువగా రుద్దే జాగాలో, ఎంతకీ కదలదు.

“పులివెందుల బడిలో బండలకు నూనె రాయరు గద అవ్వా,” అంది పిల్ల మెల్లిగా. “బూడిద రంగులో ఉంటాయి. ఆడ నడుస్తాది. సారుకు చూపించేదే ఈడ…”

నేల వంక చూసింది, నా వంక చూసింది. ఆ పిల్ల ఏ మాటకూ వెనకాడేది కాదు, ఆ ఒక్కటి మాత్రం అడగలేకపోయింది.

నేను లేచి నీళ్ళు కాచాను. బట్టల సోడా వేసి, కొబ్బరిపీచు తీసుకుని, వంటింటి గడప నుంచి వరండా అంచు దాకా రెండు బండల వెడల్పున తోమడం మొదలుపెట్టాను. పిల్ల చీపురు తీసుకుని నీళ్ళు తోసింది. ఎన్నో ఏండ్ల నూనె, ఒక్కసారికి వదలలేదు. మూడు సార్లు తోమాను. తోమేకొద్దీ కోపం పెరిగింది. బండి మీద, సారు మీద, ఆ కన్ను కనిపెట్టినవాడి మీద. ఆరిన తర్వాత హాలు మధ్యలో బూడిద రంగు దారి తేలింది, ఇంటికి తెల్లమచ్చ వచ్చినట్టు. శుక్రవారం వచ్చేవాళ్ళు ఏమంటారో ఒక్కొక్కరి గొంతులో నాకు వినిపించింది.

“మళ్ళీ రుద్దితే నల్లగా అయితాయి గద అవ్వా?”

“ఎన్నేండ్లకో. మాట్లాడకుండా బండి వదులు.”

పొద్దు గూకేలోపు ఆరు సార్లు వదిలాము. మెట్టు దగ్గర నాలుగు సార్లు ఆగింది, రెండు సార్లు నా ఒడిలో పడింది. పిల్ల మర కొంచెం తిప్పింది. ఇంకో మూడు సార్లు వదిలితే మూడు సార్లూ ఆగింది. ఇక ముట్టుకోవద్దని స్క్రూడ్రైవర్ లాక్కుని పెట్టెలో వేసి తాళం వేశాను. చిక్కుడుకాయలు అప్పటిదాకా నేల మీదే ఉన్నాయి.

మరుసటి రోజు పొద్దున ఎనిమిది దాటాక సారు ఫోను చేశాడు. పిల్ల ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో బండి మీద మాత్రల అట్ట పెట్టి వంటింటి గడప ముందు వదిలింది. బండి బూడిద రంగు బండల మీద నడిచింది. హాలు మధ్యలో ఊరికే ఒకసారి ఆగి, మళ్ళీ కదిలింది. వరండా అంచుకు పోయి మెట్టు దగ్గర ఆగింది. ఇంకోసారి చూపమన్నాడు. ఇంకోసారీ ఆగింది. “సరే, పులివెందులకు తీసుకురా,” అన్నాడు. ప్రొద్దుటూరు నుంచి వాళ్ళ నాయన వచ్చేలోపు పిల్ల రెండు సార్లు బొరుగుల ఉగ్గాని పెట్టించుకుని తిన్నది. బండిని తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకుని, పది గంటల పులివెందుల బస్సులో నాయనతో పాటు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.