కుంకుమ పెట్టిన రైఫిల్

1957లో నేను నంద్యాలలో ఒక పదాతి దళ కంపెనీకి ఆర్మరర్‌గా ఉన్నాను. ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసేవాడు. సిపాయిలు నన్ను మేస్త్రీ అని పిలిచేవారు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. అప్పటి మేజర్ గారి పేరూ రాయను. మరిచిపోయి కాదు. ఆయన నాతో అన్న ప్రతి మాటా, అంటున్నప్పుడు నా ముఖం చూడకుండా ఎటు చూశారో కూడా నాకు గుర్తుంది. ఆయన పిల్లలు ఇది చదివి బాధపడడం ఎందుకని మానుకుంటున్నాను, అంతే.

మా కంపెనీలో పూర్తికాలం సైనికులు తక్కువ. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి చుట్టుపక్కల పల్లెల నుంచి ఏడాదిలో కొంతకాలం శిక్షణకు వచ్చి, మిగతా కాలం సేద్యమో కూలో చేసుకునేవాళ్లే ఎక్కువ. అందుకే ఆ ఏడు మాకొక పని అప్పజెప్పారు. అప్పట్లో అందరి చేతుల్లో ఉన్నది త్రీ నాట్ త్రీ రైఫిల్. అది బోల్ట్ యాక్షన్, అంటే ఒక తూటా పేలాక రెండోది లోపలికి పోవాలంటే బోల్టును చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాలి. దాని బదులు సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ మంచిదేమో చూడమని ఒక విదేశీ నమూనా పంపారు. అందులో తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్ కొంత ఒక చిన్న రంధ్రం గుండా వచ్చి పిస్టన్‌ను తోస్తుంది. ఖాళీ తూటా దానంతటదే బయటపడుతుంది, కొత్తది లోపలికి వస్తుంది. ఆ రంధ్రం దగ్గర బిరడాలాగా ఉండేది గ్యాస్ ప్లగ్. చదివేవాళ్లు ఈ ఒక్క భాగాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇలాంటి పరీక్షను ట్రూప్ ట్రయల్ అంటారు. నిపుణుల చేతుల్లో కాదు, మామూలు సిపాయి చేతుల్లో రైఫిల్ ఎలా నడుస్తుందో చూడడం. దానికొక గట్టి నియమం ఉంది. కాల్చేవాడే తన రైఫిల్‌ను శుభ్రం చేసుకోవాలి. ట్రయల్ ముగిసేదాకా ఆర్మరర్ చెయ్యి పెట్టకూడదు.

కొత్త రైఫిల్‌ను లాన్స్ నాయక్ ఏసురత్నానికి ఇచ్చారు. ఆళ్లగడ్డ దగ్గర పల్లె అతనిది. తండ్రి రెడ్ల చేలల్లో కూలి, ఆదివారం ప్రార్థనలో పాటలు పాడించేవాడు. కంపెనీలో ఏసురత్నం గురికి తిరుగులేదు. ఈ ట్రయల్ బాగా జరిగితే అతన్ని ఆయుధ శిక్షకుల కోర్సుకు పంపి, పూర్తికాలం ఉద్యోగంలోకి తీసుకుంటామని మేజర్ గారు అందరి ముందూ చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి అతను ఆ రైఫిల్‌ను చంకబిడ్డలా చూసుకున్నాడు.

నంద్యాలలో మొదటి పరీక్షలు జరిగాయి. నల్లరేగడి బురదలో రైఫిళ్లను పొర్లించి కాల్పించారు. మా రేగడి సంగతి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు, బండి చక్రాన్నే వదలదు. ఏసురత్నం గుడ్డ తీసి తుడిచి, పుల్‌త్రూ అనే తాడును బ్యారెల్‌లోంచి లాగి, మళ్లీ కాల్చాడు. ఒక్క స్టాపేజ్ లేదు. కాల్పు మధ్యలో రైఫిల్ ఆగిపోవడాన్ని స్టాపేజ్ అంటాం.

"ఎట్లుందప్పా?" అని అడిగాను.

"మాట వింటాదన్నా. మా ఇంట్లో ఎద్దు కూడా ఇంత వినదు."

సుబేదార్ రామిరెడ్డి పక్కనే ఉన్నాడు. పెద్ద మీసాల మనిషి, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా పోయి వచ్చినవాడు. "ఇది మా కాలంలో ఉండింటే నా ఎడమ చెయ్యి సక్కంగా ఉండేది మేస్త్రీ" అన్నాడు. బోల్టు లాగుతున్న క్షణంలోనే ఆయనకు దెబ్బ తగిలిందట. ఆ కొత్త రైఫిల్ గెలవాలని నాకన్నా ఏసురత్నంకన్నా ఆయనకే ఎక్కువగా ఉండేది. ఇది నేను ఒప్పుకోవాలి. ఆయన మీద నాకు వేరే కోపాలున్నా సరే.

చివరి పరీక్ష ఆళ్లగడ్డ వైపు కొండల కింద ఉన్న ఫైరింగ్ రేంజ్‌లో. క్యాంపు అక్కడికి మారింది. మధ్యలో దసరా వచ్చింది. ఆయుధ పూజ మా కంపెనీలో ఏటా జరిగేదే. ఆ రోజు ఆయుధాలన్నీ టెంటులో వరసగా పెట్టారు. రామిరెడ్డి స్నానం చేసి, తడి పంచెతోనే, ప్రతి రైఫిల్‌కూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. కొత్తదాని దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగలేదు. కట్టె మీద, బోల్టు మీద, ట్రిగ్గర్ మీద, ముక్కున గ్యాస్ ప్లగ్ మీద కూడా నూనెలో తడిపిన పసుపూ కుంకుమా దట్టంగా పెట్టాడు.

"ఏంది సుబేదార్, పెండ్లికూతురికి పెట్టినట్టు పెడ్తాండావ్?" అని ఎవరో నవ్వారు.

"పెండ్లికూతురే కదప్పా. మన ఇంటికి రావాల, ఉండిపోవాల."

మరునాడు పొద్దున రేంజ్‌లో ఏసురత్నం రైఫిల్ పట్టుకుని నిలబడ్డాడు. దగ్గరికి పోయి చూశాను. బ్యారెల్ లోపల మెరుస్తోంది. పైన బొట్లు బొట్లుగానే ఉన్నాయి. గ్యాస్ ప్లగ్ చుట్టూ పసుపు ముద్ద ఎండి గట్టిపడింది. రంధ్రంలోకి దిగి ఉంటుందని చూడగానే అర్థమైంది.

"ఇది తుడ్సలేదేందప్పా?"

"సుబేదార్ గారు పెట్టింది కదన్నా" అన్నాడు.

నేను మేజర్ గారి దగ్గరికి పోయాను. "సార్, గ్యాస్ ప్లగ్‌లోకి పసుపు పోయింది. ఒక్క నిమిషం విప్పి కడిగిస్తే చాలు" అన్నాను.

ఆయన దుర్భిణిలోంచి గురి పలకల వైపు చూస్తూనే, "ట్రయల్‌లో నువ్వు చెయ్యి పెట్టకూడదని తెలుసుగా?" అన్నారు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవారు.

"నేను పెట్టను సార్. అతన్ని తుడుచుకొమ్మని మీరు చెప్పండి."

"కాల్చేవాడికి తెలియదా ఏం తుడవాలో? నువ్వు చెప్పినా, నేను చెప్పినా అది సాయమే అవుతుంది."

రామిరెడ్డి ఇది విన్నాడు. "కుంకుమ నీకు మురికి మాదిరి కనపడతాందా మేస్త్రీ? గ్రీజు పూసుకునే చేతులకు పూజ సంగతి యాడ తెలుస్తాది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఏసురత్నం నవ్వలేదు, నేల వైపు చూశాడు. ఆ నవ్వినవాళ్లలో ఎవరెవరున్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

కాల్పు మొదలైంది. మొదట కొన్ని రౌండ్లు సాగాయి. వేడెక్కేకొద్దీ ఆ ముద్ద లోపల ఇటుకలా కాలింది. పిస్టన్ కదలడం మానేసింది. ఒక్కో తూటాకూ ఏసురత్నం చేత్తో లాగాల్సి వచ్చింది. చివరికి అదీ కుదరలేదు. పక్కన త్రీ నాట్ త్రీ మాత్రం బొట్లతోనే దర్జాగా పేలుతూ పోయింది. దానికి గ్యాస్ అక్కర్లేదు, మనిషి చెయ్యి చాలు.

కాల్పు ముగిశాక నేను ప్లగ్ విప్పి, ఎర్రటి ముక్కలు అరచేతిలో పోసుకుని తీసుకుపోయి చూపించాను. మేజర్ గారు ఒకసారి చూసి, "కుంకుమకే ఆగిపోయే తుపాకి యుద్ధంలో ఏం పనికొస్తుందయ్యా? త్రీ నాట్ త్రీకీ పెట్టారుగా" అన్నారు. ఆ మాటకు అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. అది కూడా నన్ను ఏళ్ల తరబడి తొలిచింది.

రిపోర్టులో రెండు మాటలు రాశారు. మామూలు సిపాయి చేతుల్లో ఈ రైఫిల్ నమ్మదగినది కాదు. కాల్చినవాడు శుభ్రం చేయడంలో అశ్రద్ధ చూపాడు. రైఫిల్ వెనక్కి పోయింది. ఏసురత్నం చేతి మీది లాన్స్ నాయక్ హోదా పట్టీ ఊడదీశారు. కోర్సు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తప్పు రైఫిల్‌దైతే మనిషిని ఎందుకు శిక్షించారు? మనిషిదైతే రైఫిల్‌ను ఎందుకు తిప్పి పంపారు? ఈ ప్రశ్న నేను రాతపూర్వకంగా అడిగాను. విషయం ముగిసిందని జవాబు వచ్చింది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే జవాబు. మూడోసారి జవాబు కూడా రాలేదు.

ఏసురత్నం సాక్ష్యం ఉంటే బలంగా ఉంటుందని అతని పల్లెకు పోయాను. ఎవరిదో చేలో చెనక్కాయ పీకుతున్నాడు. నన్ను చూసి చేతుల మన్ను దులుపుకుని గట్టు మీదికి వచ్చాడు.

"ఏమన్నా, ఈడి దాకా వచ్చినావు?"

"గ్యాస్ ప్లగ్ మీద పసుపు కుంకుమ ఉండిందని ఒక్క సంతకం పెట్టప్పా. నీ పట్టీ నీకు తెప్పిస్తా."

"తెప్పించలేవన్నా. కుంకుమతో తుపాకి చెడిందని కిరస్తానోడు రాసిచ్చినాడంటారు. ఆడికి ఆగదు అది."

నాకు ఒళ్లు మండింది. "మరి ఆ పొద్దు తుడిచింటే అయిపోయేది కదా!"

"ఎట్ల తుడిచేది?" అతను కూడా గొంతు పెంచాడు. "పోయిన క్యాంపులో పూజ చేసేటప్పుడు గాలికి దీపం ఆరిపోయింది. నేను టెంటు బయట నిలబడినా, అంతే. అందరూ నా దిక్కే చూసినారు. అట్లాంటిది దేవునికి పెట్టిన కుంకుమను నేను గుడ్డ తీస్కొని తుడిస్తే ఊరుకుంటారా? రెడ్డి మంచోడే, ఆయనేమీ అనడు. ఆయన యెనకాల ఉండేవాళ్లు అంటారు."

"నంద్యాలలో అంత బురద తుడిచినావు కదప్పా."

"బురద ఎవురిదీ కాదు కదన్నా" అన్నాడు.

అతనే మళ్లీ, "నువ్వు గెలిచి నంద్యాలకు పోతావు. నేను ఈడ బతకాల. ఇంక ఇడిసిపెట్టు" అని చేలోకి దిగాడు. నేను విడిచిపెట్టలేదు. అతని పేరు లేకుండా ఇంకా రాశాను. ఏమీ కాలేదు.

మరుసటి ఏడు దసరాకు ఆయుధ పూజలో నేను టెంటు పక్కన నిలబడ్డాను. కుర్ర సిపాయి ఒకడు కుంకుమ పళ్లెం పట్టుకుని బోల్టు మీద బొట్టు పెట్టబోయాడు. రామిరెడ్డి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఇనుము మీద వద్దప్పా. కట్టె మీద పెట్టు. ఈ పొద్దు నుంచి అంతే."

ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన నా వైపు చూశాడు. "ఏం మేస్త్రీ, సరిపోయిందా?"

"సరిపోయింది. ఒక ఏడు ఆలస్యంగా."

"వాడు యాడున్నాడు ఇప్పుడు?"

"మద్రాసు దిక్కు మిల్లు పనికి పోయినాడంట."

రామిరెడ్డి తన బొటనవేలికి అంటిన కుంకుమను చూసుకున్నాడు. మిగతా పూజ వేరేవాళ్లను చేయమని బయటికి పోయాడు. ఇనుము మీద వద్దన్న ఆ మాట ఏడాది కిందటే మేజర్ గారి ముందు చెప్పి ఉంటే సరిపోయేది. నాకు క్షమాపణ అక్కర్లేదు, ఏసురత్నానికి పట్టీ దక్కేది. ఈ సంగతి ఆయనకూ తెలుసు కాబట్టే బయటికి పోయాడని అనుకుంటాను. అయినా నేను ఆయనను క్షమించలేదు.

తర్వాతి కాలంలో సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు సైన్యంలోకి వచ్చాయి. మొదటిసారి ఒకటి నా బల్ల మీదికి వచ్చినప్పుడు అన్నిటికన్నా ముందు గ్యాస్ ప్లగ్ విప్పి చూశాను. శుభ్రంగా ఉంది. అయినా చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

పదాతి సైనికుడికి రైఫిల్ ఎంచుకునేటప్పుడు బురదలో ముంచుతారు, దుమ్ములో పెడతారు, నీళ్లలో నానబెడతారు. చేయాల్సిందే. నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది, మేజర్ గారికి ఆనాడు ఇవ్వలేకపోయిన జవాబు కూడా అదే. ఏ రైఫిల్ అయినా తుడిస్తేనే నడుస్తుంది. కనుక అది ఎవరి చేతికి పోతోందో, ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూడకుండా దాన్ని తుడుచుకోగలడో లేదో ముందు అడగాలి. ఆళ్లగడ్డ రేంజ్‌లో ఆ పొద్దున ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అందుకే మంచి రైఫిల్ ఒకటి వెనక్కి పోయింది, దానికన్నా మంచి సిపాయి ఒకడు మిల్లుకు పోయాడు.