మల్లేశం సార్ విన్న చుక్క

మా గురువు మల్లేశం సార్ మొన్న ఉదయం అస్తమించారు. గుండెపోటట. కిష్టారెడ్డిపేట నుంచి ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను ఆయన చెప్పిన లెక్కే మళ్లీ చేస్తున్నాను. కబురు విన్నాక కూడా కాసేపు నా చేతులు ఆ పనే చేశాయి. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

భౌతికశాస్త్ర ఆచార్యులు కాకముందు సార్ గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసేవారు. గిర్రున తిరిగే మిషన్‌కు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేవారట. నక్షత్రాల దగ్గరికీ ఆ చెవితోనే వెళ్లారు. తన చుట్టూ తాను అతివేగంగా తిరిగే నక్షత్రం నడుము దగ్గర ఉబ్బుతుంది. లోపల పుట్టే ప్రకంపనాలకు దాని కాంతి సన్నగా హెచ్చి తగ్గుతుంది. నా పరిశోధన వాటి మీదే. పాఠం మధ్యలో సార్ కళ్లు మూసుకునేవారు. అప్పుడు గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా ఎక్కడో ఆకాశంలోంచి వస్తున్నట్టుండేది.

"జెర సప్పుడు చెయ్యకు బిడ్డా, చుక్క ఏమంటుందో ఇననియ్యి" అనేవారు. నేను కోస్తా నుంచి వచ్చినదాన్ని. మొదట్లో ఆ యాసకు నవ్వొచ్చేది, తర్వాత నేనూ వినడం మొదలుపెట్టాను.

మిషన్ తిరిగే వేగంతో సమానంగా వచ్చే కంపనం అంటే బరువు ఒక పక్కకు మొగ్గిందని అర్థం. ముందు దాన్ని తీసేసి, మిగతావి వినాలి. సార్ నాకూ అదే పద్ధతి నేర్పారు. నక్షత్రం తిరిగే వేగానికి సరిపోలిన స్పందనను దోషమని ఏరి పారేశాం. నాలుగేళ్ల శ్రమ. నా సిద్ధాంతగ్రంథం బైండింగుకు వెళ్లే రోజున సార్ తల పట్టుకుని కూర్చున్నారు.

"మనం పారేసిందే అసలుది కావొచ్చు బిడ్డా. చుక్క లోపలి అదురు కూడా అది తిరిగే వేగంతోనే రావొచ్చు గదా. మిషన్ల చెవితోటి చుక్కను విన్న. తప్పు నాది. మళ్ల చెయ్యి."

"గడువు ఇంకో నెలే ఉంది సార్. ఎవరూ కనిపెట్టరు" అన్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

"చుక్కకు ఎర్కె గదా!" అన్నారు, కోపం లేకుండా.

ఆ తప్పు తనదేనని గ్రంథంలో రాయాలనీ, లేకపోతే సంతకం పెట్టననీ పట్టుబట్టారు. తప్పు గురువుదని శిష్యురాలు ఎలా రాస్తుంది? రాయనని మొండికేశాను. ఆ పంతం తేలకుండానే ఆయన వెళ్లిపోయారు.

నిన్న లెక్క పూర్తయింది. మేం పారేసిన చోట ఉన్నది ఒక్కటి కాదు, పక్కపక్కనే మూడు స్పందనలు. మూడూ నిజమైన ప్రకంపనాలే. చెబుదామంటే సార్ లేరు. అంతటి చెవి, అంతకు మించిన నిజాయితీ నాకు మళ్లీ దొరకవు. ఆ మహనీయునికి నమస్కరించి తొలి పుటలో ఆయన అడిగిన వాక్యం రాశాను: "ఈ దోషం నా గురువుది, దాన్ని పట్టుకున్నదీ ఆయనే." కింద ఆయన సంతకం చోటు ఖాళీగా ఉంది.

రాశాను సార్. ఇప్పుడు పెట్టండి.