చుట్టకు కట్టిన పసుపు పోగు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి ఎవరొచ్చినా నాయనమ్మ ముందు ముఖం చూసేది కాదు, వాసన చూసేది. పామర్రు దగ్గర నేతగాళ్ల వీధి మాది. ఇంటింటా మగ్గం, మగ్గం గుంటలో మగవాడు, ఆ మగవాడి నోట్లో చుట్ట. మా తాతయ్య నోట్లో చుట్ట లేకపోతే ఎవరో కొత్త మనిషి అనుకునేదాన్ని. తాను కట్టుకున్న భార్య అయితే, చుట్ట ఉంచుకున్నదని నాయనమ్మ దెప్పేది.

ఒక వానాకాలం తాతయ్యకు దగ్గు పట్టుకుంది. అడ్డపోగు లాగే నాడె అటు విసిరి ఇటు అందుకునే లోపల రెండుసార్లు ఆగి ఆయాసపడేవాడు. మా నాన్న ఆయన్ని బెజవాడ తీసుకువెళ్లి డాక్టరుకు చూపించాడు. చుట్ట మానితే కొన్నాళ్లు మగ్గం మీద కూర్చుంటావు, మానకపోతే మంచం మీద పడుకుంటావు అని ఆ డాక్టరు తెగేసి చెప్పాడట. నా పెళ్లిచీర తన చేత్తో నేస్తానని తాతయ్య నాకు ఎప్పుడో మాటిచ్చి ఉన్నాడు. అందుకే ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

ఇంటికి రాగానే తాతయ్య మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. మాలో అంతకు మించిన ఒట్టు లేదు. అయితే ఒక్క చుట్ట మాత్రం రొండిన దోపుకుని ఉంచుతానన్నాడు. చేతికి అలవాటు, తడుముకోవడానికే తప్ప ముట్టించను అన్నాడు. నాయనమ్మ ఆ చుట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. పడుగుకు వాడగా మిగిలిన నిలువు పోగుల్లోంచి ఒక పసుపు పోగు తెంపి, చుట్ట నడుముకు చుట్టి, నేతగాళ్ల ముడి వేసింది. ముట్టిస్తే పోగు కాలిపోవాలి. విప్పి కడితే తన ముడి తనకు తెలుస్తుంది. “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదయ్యా, నాకు తెలియదా!” అంది.

అప్పట్నుంచి సాయంత్రం దీపం పెట్టాక తనిఖీ. తాతయ్య చుట్ట తీసి చూపించేవాడు. పోగు చెక్కుచెదరకుండా ఉండేది. నాయనమ్మ ముఖం మాత్రం విచ్చుకునేది కాదు. దగ్గు తగ్గదేమని ఆమె అనుమానం. నన్ను పిలిచి, తాతయ్య కాలవ గట్టుకు వెళితే వెంట వెళ్లమనేది. నేను వెళ్లేదాన్ని. తాతయ్య వేపపుల్ల నములుతూ, నన్ను చూసి నవ్వుతూ కనిపించేవాడు. ఆ నవ్వు చూస్తే నాకూ అనుమానమే వచ్చేది.

ఒక తెల్లవారుజామున మా పడుగును వీధి పొడవునా సాచి గంజి పట్టించారు. ఎండెక్కే ముందే ఆ పని అయిపోవాలి. అందరూ చద్దన్నానికి లోపలికి వెళ్లినా, ఆరుతున్న పడుగుకు కాపలా అంటూ తాతయ్య ఒక్కడే బయట ఉండిపోయాడు. తెగిన పోగులు అతకడం నా పని. తెగిన పోగు కొస పీచుపీచుగా ఉంటుంది. ఆరోజు ఒకచోట పక్కపక్కనే నాలుగు పోగులు తెగి ఉన్నాయి, కొసలు నల్లగా మాడి! ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే చుట్ట వాసన. వీధిలో పడుగు పక్కన నిప్పు తెచ్చేవాడు మా వాడలోనే లేడు.

నేను గట్టిగా ఏడ్చాను. నాయనమ్మ వచ్చి ఆ కొసలు వేళ్లతో నలిపి చూసింది. తాతయ్య తేలు కుట్టిన దొంగకు మల్లే తల దించుకుని అంతా ఒప్పుకున్నాడు. రొండిన ఉన్న పోగు కట్టిన చుట్ట మాకు చూపించడానికట, కాల్చుకునేవి వేరే ఉన్నాయట, అవి మగ్గం గుంటలో, పోగులు దూర్చే పాత అచ్చు వెనక దాచాడట. నాయనమ్మ తిడుతుందని అనుకున్నాను. తిట్టలేదు. “మగ్గం మీద ఒట్టు పెట్టి కూడానా?” అని మాత్రం అంది. నేను మాత్రం ఊరుకోలేదు, నా చీర ఎవరు నేస్తారని ఆయన కాళ్లు చుట్టేసుకుని రాగాలు తీశాను. తాతయ్య కళ్లు ఒత్తుకున్నాడు. పాత అచ్చు వెనక ఉన్నవీ, పోగు కట్టినదీ, అన్నీ తెచ్చి పొయ్యిలో వేశాడు.

ఈసారి నిజంగానే మానేశాడు. కానీ ఎవరు నమ్ముతారు! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని వీధిలో వాళ్లు ఎగతాళి చేశారు. నాయనమ్మ సరేసరి. రోజూ సాయంత్రం తాతయ్యే ఆమె ముందుకు వచ్చి, భుజం మీద కండువా తీసి చాపేవాడు, వాసన చూసుకోమని. కోపం రాదా తాతయ్యా అని ఒకసారి అడిగాను.

“కోపం ఎందుకే పిచ్చిమొహమా! నా ఒళ్లు కూడా మీ నాయనమ్మ లాంటిదే. చిన్నప్పట్నుంచీ దాన్ని మోసం చేస్తూనే ఉన్నాను. ఇవాళ మానేశానంటే ఇవాళే నమ్ముతుందా? రోజూ వాసన చూసుకోనీ.”

దగ్గు తగ్గింది కానీ పోలేదు. పాడైంది మళ్లీ బాగుపడదు, ఇకమీదట పాడవ్వకుండా చూసుకున్నాడు, అంతేనని డాక్టరు అన్నాడట. ముందే మానేసి ఉంటే అని మా నాన్న అనబోతే, తాతయ్యే చెయ్యెత్తి వద్దన్నాడు. మంచాన పడతాడన్న మనిషి కొన్నేళ్లు మగ్గం మీదే కూర్చున్నాడు. జానెడు నేసి ఆయాసం తీర్చుకుంటూ, మళ్లీ జానెడు నేస్తూ, నా చీర పూర్తి చేశాడు. పెళ్లి మాత్రం చూడలేదు.

ఆయన పోయిన రోజు ఇంటినిండా జనం. నాయనమ్మ వాళ్లను తప్పించుకుని లోపలికి వెళ్లింది. కొయ్యకు వేలాడుతున్న ఆయన కండువా తీసి ముఖానికి అదుముకుని చాలాసేపు వాసన చూసింది. “నిజంగానే మానేశాడే!” అంది నాతో. అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు నాకు షుగరు. బందరు లడ్డు అంటే పడిచచ్చేదాన్ని, ముసలితనంలో మానాల్సి వచ్చింది. మానేశానంటే మా కోడలు నమ్మదు. ఏదీ, చేతులు చూపించండి అత్తయ్యా అంటుంది, నెయ్యి వాసన పట్టడానికి. నాకు చర్రున కోపం వస్తుంది. అంతలోనే తాతయ్య కండువా గుర్తొస్తుంది. చూసుకోవే తల్లీ అని రెండు చేతులూ చాపుతాను.