కంప్యూటర్‌కు పెట్టిన బొట్టు

పెళ్లి ఆల్బంలో ఒక పేజీ తెరుచుకునేలోపు నేను గిన్నెలు తోమి వచ్చేదాన్ని. వచ్చి చూస్తే కంప్యూటర్ తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. ఒళ్లు మండిపోయేది. మా ఆయన ఫొటోలు తీస్తాడు. హనుమకొండలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఆల్బం డిజైన్ చేసేది నేను. ఆ కార్తీకంలో పరకాల పెళ్లివాళ్లు మర్నాడు పొద్దున్నే ఆల్బం చూడటానికి వస్తామన్నారు. పని సగం కూడా కాలేదు.

"ఇగ ఇది నడ్వదు. బయట డిజైనర్‌కు ఇచ్చేద్దాం. నువ్వు గూడ జర రెస్ట్ తీస్కో" అన్నాడు ఆయన.

రెస్టట, రెస్టు! పని ఒక్కసారి గడప దాటిందంటే మళ్లీ నా కుర్చీకి రాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"ర్యామ్ తక్కువైంది, అంతే. ఇంకోటి తెచ్చి ఏస్త. సాయంత్రం దాక ఆగు" అన్నాను.

కంప్యూటర్ దుకాణం అతనికి ఫోన్ చేస్తే మదర్‌బోర్డు నంబర్ అడిగాడు. సీపీయూ పక్క రేకు విప్పాను. నంబర్ ఉండాల్సిన చోట దసరా నాటి పసుపు, దాని మీద కుంకుమ, ఎండి అట్టకట్టి ఉన్నాయి. ఆయుధపూజకు మా ఇంట్లో బండికీ, కెమెరాకీ, మిక్సీకీ బొట్లు పెట్టేది మా ఆయనే. దీనికి రేకు విప్పి మరీ లోపలే చల్లినట్టున్నాడు. గీకితే బోర్డు ఏమవుతుందోనని భయపడి, లోపలున్న ర్యామ్‌నే ఊడదీసి రుమాలులో చుట్టుకుని ఆటో ఎక్కాను.

దుకాణం అతను దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఇది డీడీఆర్ త్రీ అక్కా. ఇప్పుడు వచ్చేటివి వేరే రకం. గాటు వేరే కాడ ఉంటది, నీ దాంట్ల దిగనే దిగయ్."

"అయితే బోర్డు గూడ మార్చాల్నా?" అన్నాను.

"అక్కర్లేదు. ఇసొంటిదే వాడింది ఉన్నది. కొత్తయి కొందామన్నా రేట్లు మండిపోతున్నయ్. నీ ముంగట్నే చెక్ జేసిస్త, ఫికర్ చెయ్యకు."

చెక్ చేస్తున్నంతసేపూ అతను కుర్చీ చూపిస్తూనే ఉన్నాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి, పాతదాన్ని దాని చోట పెట్టి, పక్క స్లాట్‌లో కొత్తగా తెచ్చింది నొక్కి, స్విచ్ వేశాను. కుయ్ కుయ్‌మని అరుపు. తెర మాత్రం నల్లగానే ఉంది.

"చెప్తే ఇన్నవా?" అంటూ మా ఆయన డిజైనర్‌కు ఫోన్ కలిపాడు. అదృష్టం, అతను ఎత్తలేదు.

దుకాణంలో నడిచింది ఇక్కడెందుకు నడవదు? పాతదాన్ని తీసేసి, దాని స్లాట్‌లోనే కొత్తదాన్ని పెట్టి చూశాను. తెర వెలిగింది! అంటే లోపం రెండో స్లాట్‌లోనే ఉంది. సెల్ టార్చి వేశాను. దాని అడుగంతా కుంకుమ.

స్విచ్ ఆపి, చేతికందిన బ్రష్‌తో దులపడం మొదలుపెట్టాను.

"ఏయ్, అది నా లెన్స్ బ్రష్!" అని అరిచాడు ఆయన.

"దసరాకు కెమెరాకు బొట్టు ఏడ పెట్టినవ్?"

"బెల్టుకు."

"లెన్స్‌కు ఎందుకు పెట్టలే?"

"ఖరాబ్ అయితది గదనే!"

"మరి దీంట్ల గుప్పెడు ఎట్ల చల్లినవయ్యా? ఇది పనిముట్టు గాదా? నేను చేసేది పని గాదా?"

గట్టిగానే అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా. ఆయన సీపీయూలోకి వంగి చూశాడు.

అంతలో ఫోన్ మోగింది. డిజైనరే. నేను తల ఎత్తకుండా రెండు ర్యామ్‌లూ బిగిస్తున్నాను, చెవులు మాత్రం అటే ఉన్నాయి.

"ఏం లేదన్నా, ఊకెనే చేసిన. ఆల్బం మా ఇంట్లనే అయితాంది" అన్నాడు ఆయన.

తర్వాత స్విచ్ వేస్తే తెర వెలిగింది, పేజీలు చకచకా తెరుచుకున్నాయి. కానీ ఆయన ఆ మాట అన్నప్పుడు నేనింకా స్విచ్ మీద చెయ్యి వేయనే లేదు.