కుమ్హారి పెళ్లి భోజనం

ఆ రోజుల్లో మా భిలాయి తెలుగు కుర్రాళ్లకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. నాకు తెలుగు గడగడా మాట్లాడటం వచ్చు, చదవటం మాత్రం రాదు. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గాని, అప్పుడు అదేదో గొప్పలా ఉండేది. మిలిటరీలో చేరి సరిహద్దుకు వెళ్లేదాకా తెలుగు అక్షరాలతో నాకు పనే పడలేదు.

చేరడం కూడా దొంగతనంగానే. మా వైపు కొత్త రాష్ట్రం వచ్చిన రోజుల్లో, కుమ్హారిలో స్నేహితుడి అక్క పెళ్లి అని అమ్మకు చెప్పి, కుమ్హారి దాటి రాయ్‌పూర్ వెళ్లి మిలిటరీ భర్తీలో పరిగెత్తాను (పెళ్లికని అమ్మ ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా సంచిలోనే ఉంది). సెలక్షన్ కాగితం ఇంటికొచ్చాక నా బండారం బయటపడింది. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దారికి పులిహోర కట్టిచ్చింది గాని, భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో రైలు కదిలేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ట్రైనింగ్ అయీ అవగానే, యుద్ధం వచ్చేలా ఉందని మా పటాలాన్ని రాజస్థాన్ ఇసుకలోకి తోలారు. కందకం తవ్వడం, గాలి పూడ్చేస్తే మళ్లీ తవ్వడం. నాకు యుద్ధం కన్నా అమ్మ మౌనం మీదే బెంగ. అమ్మకు హిందీ అక్షరాలు రావు, నాన్నకు సంతకం తప్ప ఏదీ రాదు. అందుకని మన తెలుగు మాటల్నే హిందీ అక్షరాల్లో రాసి పంపేవాణ్ణి. తెలుగు ముక్క తెలియని పక్క క్వార్టర్ దీదీ వాటిని పైకి చదివేది (వీధిలో ఫోనున్నది ఒక్క ఇంట్లోనే, ఆ ఇంటితో అమ్మకు మాటల్లేవు). "ఏం చదివేదాన్నో నాకే తెలీదు భయ్యా, మీ అమ్మ ఏడిస్తే ఆగేదాన్ని" అని తర్వాత దీదీయే హిందీలో చెప్పింది. ప్రతి ఉత్తరంలోనూ నా ప్రశ్న ఒకటే: కోపం పోయిందా అమ్మా?

నాలుగో ఉత్తరానికి జవాబొచ్చింది. మూడే మూడు వరుసలు, అన్నీ తెలుగులో. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. క్షమించిందో, కడిగేసిందో తెలియదు. వెతగ్గా వెతగ్గా వంటశాలలో శ్రీకాకుళం హవల్దారు ఒకాయన దొరికాడు. కాగితం చేతికిస్తే మడిచి తిరిగిచ్చేశాడు.

"అమ్మ రాసింది ఇంకోడిసేత సదివించుకుంతావేటిరా? సిగ్గునేదా? కూకో, నేర్సుకో."

కాళ్లావేళ్లా పడ్డా కరగలేదు. రోజూ కూరగాయలు తరిగాక రొట్టెల పెనం వెనకవైపు సుద్దముక్కతో అక్షరాలు దిద్దించేవాడు. తుపాకీ పట్టిన చేత్తో గుణింతాలు! మా వాళ్లంతా చుట్టూ చేరి నవ్వేవారు. ఉత్తరం జేబులో చెమటకు తడిసి ఆరి, తడిసి ఆరి, అప్పడంలా అయింది. ఇరవై రోజులకు కందకం గట్టు మీద కూర్చుని కూడబలుక్కుంటూ చదివాను.

"కుమ్హారి పెళ్లి ఇంకా అవలేదేట్రా? భోజనాలైపోతే బేగి ఇంటికొచ్చీ. నీకని వేరే వండను గాని, ఉన్నదే పెడతాను."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎంత మాట అంది అమ్మ!

"ఏటి రాసిందిరా?" అన్నాడు హవల్దారు.

"భోజనానికి పిలిచింది సార్."

యుద్ధం రాలేదు. నేను ఇంటికొచ్చాను. ఉన్నదే పెడతానన్న అమ్మ నాలుగు కూరలు వండింది. ఇప్పుడు అమ్మ లేదు. నలభై దాటిన పెద్దమనిషిని, కడుపు నిండా తిని రాయ్‌పూర్‌లో లోకల్ ఎక్కినా సరే, బండి కుమ్హారిలో ఆగితే నాకు ఆకలేస్తుంది.